ఎద్దు పేరు తెలియని కెమెరా

కదిలేదాన్ని ఫొటో తీయాలంటే ఆటోఫోకస్ ఏ మోడ్‌లో పెట్టుకోవాలి? దీనికి కెమెరా కంపెనీల పుస్తకాల్లో జవాబులు ఉన్నాయి, యూట్యూబ్‌లో ఇంకా ఎక్కువ ఉన్నాయి. అయితే వాటిలో చూపించే బొమ్మలు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటాయి. పచ్చిక మీద ఎదురుగా పరుగెత్తుకొచ్చే కుక్క, ట్రాకు మీద రేసు కారు, నీళ్ల మీద నుంచి లేచే కొంగ. వాటి వెనక ఖాళీ, ముందూ ఖాళీ. ప్రొద్దుటూరు దసరా మెరవణిలోనో, జమ్మలమడుగు పక్క పల్లెలో బండలాగుడు దగ్గరో, పులివెందుల తట్టు తిరునాళ్లలో చెక్కభజన గుంపు పక్కనో నిలబడినవాడికి ఆ ఖాళీ ఎక్కడిది? మనం తీయదలచినదే కాదు, దాని ముందున్నదీ వెనకున్నదీ పక్కనున్నదీ అన్నీ కదులుతుంటాయి. అందుకే ఈ చర్చలో అందరూ మొదట అడిగే 'వేగమెంత' అన్న ప్రశ్నను నేను రెండో వరసకు నెడతాను. లెన్సుకూ మనిషికీ మధ్య ఏమేం అడ్డొస్తాయన్నది మొదట తేలాలి. మోడ్ దాన్నిబట్టి వస్తుంది.

కొంచెం పాత సంగతి చెప్పుకోవాలి. జనం చేతికి అందిన మొదటి ఆటోఫోకస్ కెమెరా 1977లో వచ్చిన కోనికా సీ35 ఏఎఫ్. అది దూరం ఒకసారి చూసుకుని ఆగిపోయేది, కదిలేదాని వెంట పడే శక్తి దానికి లేదు. 1985లో మినోల్టా 7000 ఆటోఫోకస్‌ను ఎస్‌ఎల్‌ఆర్ బాడీలోకి ఎక్కించింది. రెండేళ్లకు కెనాన్ ఈఓఎస్ వరస మొదలుపెట్టి మోటారును లెన్సులోకి మార్చింది. మన పట్నాల స్టూడియోల్లో చాలాకాలం యాషికాలే నడిచాయి, ఫోకస్ అంతా చేతి పనే. రథం ఎక్కడికొచ్చి ఆగుతుందో, ఏ మలుపులో తిరుగుతుందో ముందే చూసుకుని, ఆ చోటికి ఫోకస్ కట్టేసి, రథం అక్కడికి రాగానే నొక్కేవాళ్లు. ఆ కిటుకు ఇప్పటికీ పనికొస్తుంది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పటి కెమెరాల్లో మూడు మోడ్‌లు. ఒకసారి ఫోకస్ పట్టి అక్కడే ఆగేది ఒకటి: ఏఎఫ్-ఎస్ అనీ, కెనాన్‌లో వన్ షాట్ అనీ అంటారు. బటన్ నొక్కి ఉంచినంతసేపూ ఫోకస్‌ను సరిచేసుకుంటూ పోయేది రెండోది, ఏఎఫ్-సీ లేదా సర్వో. మూడోది ఏఎఫ్-ఏ. మొదటి రెండింట్లో ఏది కావాలో కెమెరానే తేల్చుకుంటుంది. కదిలేవాటికి రెండోదే అన్న విషయంలో పేచీ లేదు. మూడోదాన్ని మాత్రం పక్కన పెట్టేయండి. కుదురుగా కూర్చున్న పెళ్లికూతురు లేచి నడిచిందని అది గ్రహించి మోడ్ మార్చుకునేలోపు రెండు అడుగులు పడిపోతాయి.

అసలు పేచీ రెండు చోట్ల ఉంది. ఫోకస్ పట్టే చట్రం ఎంత ఉండాలి, పట్టినదాన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలి అన్నవి ఆ రెండూ. ఇవి అర్థం కావాలంటే ఫేజ్ డిటెక్షన్ ఎలా పనిచేస్తుందో కాస్త తెలియాలి. లెన్సు ఒక అంచు నుంచి వచ్చిన వెలుగునూ ఎదుటి అంచు నుంచి వచ్చిన వెలుగునూ కెమెరా విడివిడిగా చూస్తుంది. ఆ రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కూర్చోకపోతే ఎటు తప్పాయో, ఎంత తప్పాయో కొలుస్తుంది. కాబట్టి లెన్సును ముందుకు తిప్పాలా వెనక్కి తిప్పాలా అని తడుముకోదు. పాత కాంపాక్ట్‌ల్లోని కాంట్రాస్ట్ పద్ధతి తడుముకునేది, అందుకే అది కదిలేవాటి దగ్గర చేతులెత్తేసేది. వరసగా కొలతలు తీసుకుంటూ పోతే వేగం తెలుస్తుంది. షట్టర్ తెరుచుకునే క్షణానికి మనిషి ఎక్కడ ఉంటాడో లెక్కకట్టి లెన్సును ముందే అక్కడికి పంపవచ్చు. 2010 తర్వాత ఈ పని సెన్సర్ మీదే జరగడం మొదలైంది, ఇప్పటి మిర్రర్‌లెస్‌లు ఆ దారిలోనే నడుస్తున్నాయి. ఈ పద్ధతికి రెండు లోపాలున్నాయి. కొలవడానికి గీతో అంచో మచ్చో ఏదో ఒకటి కనబడాలి. ఆ గీత కూడా సెన్సర్ చూడగలిగే దిక్కులో ఉండాలి.

ఈ రెండు లోపాలూ బండలాగుడు దగ్గర ఒక్కసారే బయటపడతాయి.

ఉగాదికో శివరాత్రికో ఊరి తిరునాళ్లకో రాయలసీమ పల్లెల్లో ఈ పోటీలు పెడతారు. ఎద్దుల పళ్లనుబట్టి విభాగాలు ఉంటాయి: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు, ఆరు, ఆపైన సీనియర్లు. ఇచ్చిన గడువులో ఎద్దుల జత బండను ఎన్ని అడుగులు లాగిందో కొలిచి గెలుపు తేలుస్తారు. మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు లాగి, తిప్పుకుని మళ్లీ లాగాలి. ఫొటోగ్రాఫరు కొసన నిలబడితే జత నేరుగా ఎదురొస్తుంది. వేగమా, పెద్దగా ఉండదు. అంత బండను ఈడ్చే జత మనిషి గబగబా నడిచే వేగాన్ని ఎక్కువసేపు మించలేదు. రేసు కారును పట్టే కెమెరాకు ఇదో లెక్కా అనిపిస్తుంది. అయినా ఈ ఫొటోల్లో ఫోకస్ వెనక మనుషుల మీద పడి, ఎద్దుల మొహాలు మసకబారినవి బోలెడు కనబడతాయి.

మొదటి కారణం కదలిక తీరు. జత ఒక క్షణం బిగదీసుకుని నిలబడుతుంది, అదిలించగానే ఒక్క ఊపున దూకుతుంది, బండ మట్టిలో దిగబడితే ఆగిపోతుంది. వేగం ఒకేలా ఉంటుందనుకుని ముందుచూపుతో లెన్సును తిప్పే కెమెరాకు ఇది కొరకరాని కొయ్య. రెండోది ఒంటి రంగు. ఒంగోలు జాతి గిత్త తెల్లటి పక్క మీద మిట్టమధ్యాహ్నపు ఎండ పడితే అక్కడ కెమెరాకు ఒక్క గీతా కనబడదు. చట్రాన్ని డొక్క మీద పెట్టినవాడికి ఫోకస్ దొరకదు. నల్లటి కళ్లు, మూతి, రంగు పూసిన కొమ్ములు, మెడలోని గజ్జెలు, మోకు ముడి, ఇలాంటి చోట్లకు గురిపెట్టాలి. మూడోది మెడ మీది కాడి. ఎదురుగా చూస్తే ఫ్రేములో అన్నిటికంటే కొట్టొచ్చినట్టు కనబడేది ఆ అడ్డదుంగే. చాలా మిర్రర్‌లెస్ సెన్సర్లలోని ఫోకస్ బిందువులు నిలువు గీతలను బాగా చూస్తాయి, అడ్డగీతల దగ్గర తికమకపడతాయి. 2022లో ఓఎం-1, 2024లో కెనాన్ ఆర్1 ఈ లోపాన్ని సెన్సర్ మీదే తీర్చాయి కానీ అవి ఎందరి చేతుల్లో ఉన్నాయి? కెమెరాను నిలువుగా తిప్పి పట్టుకుంటే అడ్డగీత నిలువుగీత అవుతుంది. పైసా ఖర్చులేని ఉపాయం.

నాలుగో కారణం కొత్తది, అన్నిటికంటే ఆసక్తికరమైనది. ఇప్పుడు కెమెరాలు కంటికి కనబడినదాన్ని పేరుపెట్టి గుర్తుపడతాయి. 2020లో వచ్చిన కెనాన్ ఆర్5కు జంతువులంటే కుక్కలు, పిల్లులు, పక్షులు. 2022 నాటి ఆర్6 మార్క్ 2కు గుర్రాలు కలిశాయి. నికాన్ జెడ్9 కూడా జంతువులంటే కుక్క, పిల్లి, పక్షి అనే మొదలుపెట్టింది. ఫూజీ ఎక్స్-హెచ్2ఎస్‌కు పక్షులతోపాటు కార్లు, మోటారు సైకిళ్లు, విమానాలు, రైళ్లు తెలుసు. సోనీ ఏ7ఆర్ 5 పురుగులను కూడా చేర్చుకుంది. పేరుపెట్టి చెప్పిన ఈ వరసలో ఎద్దు లేదు. తయారుచేసేవాళ్ల ఇళ్లల్లో, వాళ్ల ఖాతాదారుల ఇళ్లల్లో ఏవి తిరుగుతాయో వాటినే కెమెరా నేర్చుకుంది, అందులో వింతేముంది. నాలుగు కాళ్లున్న మొహమని యానిమల్ మోడ్ ఒక్కోసారి గిత్తను పట్టుకుంటుంది. కుంచెలు కట్టి, రంగులు పూసి, తల దించుకుని లాగుతున్నప్పుడు వదిలేస్తుంది. దాన్ని నమ్ముకుని పోటీకి పోవడం కుదరదు. హ్యూమన్ మోడ్‌లో పెడితే ఇంకా నష్టం. చర్నకోల పట్టుకుని పక్కన పరుగెత్తే మనిషి మొహమే కెమెరాకు ముద్దొస్తుంది, ఫోకస్ జత వెనక్కి జారిపోతుంది.

అందువల్ల నా మొగ్గు గుర్తింపును ఆపేసి, నాలుగైదు బిందువుల చిన్న గుంపును ఎంచుకుని, దాపటిదో వలపటిదో ఒక ఎద్దు కళ్ల మధ్య నిలపడం వైపే. ఒకే బిందువు పెట్టుకుంటే చేయి కాస్త కదిలినా గురి తప్పుతుంది. చట్రం మరీ పెద్దదైతే దగ్గరున్న మూతినో, ముందుకు చాచిన చేతినో కెమెరా తనంతట తానే ఎంచుకుంటుంది. లెన్సు రంధ్రాన్ని చిన్నది చేయడం కూడా మోడ్‌తో సమానమైన మందు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 200 ఎంఎం లెన్సు, ఎఫ్/2.8, 10 మీటర్ల దూరం అనుకుంటే పదునుగా కనబడే లోతు సుమారు 40 సెంటీమీటర్లు. మూతి నుంచి కాడిదాకా కూడా చాలదు. ఎఫ్/5.6 చేస్తే ఆ లోతు రెట్టింపు అవుతుంది. ఎండ దంచికొడుతున్న వేళ 2.8 దగ్గరే ఉంచుకోవడం ఖరీదైన లెన్సు కొన్నామన్న మోజు తప్ప మరేం కాదు.

పట్టు ఎంత గట్టిగా ఉండాలన్నది రెండో పేచీ. చర్నకోల మొహానికి అడ్డం వచ్చి పోయిందనుకోండి. కెమెరా వెంటనే దాని మీదికి దూకాలా, కొంచెం ఓపిక పట్టి ఎద్దు మళ్లీ కనబడేదాకా ఆగాలా? ఇది మనమే చెప్పాలి, చెప్పడానికి మెనూలో ఒక సెట్టింగు ఉంది. కెనాన్‌లో ట్రాకింగ్ సెన్సిటివిటీ అంటారు, ఓపిక ఎక్కువైతే మైనస్ 2, దూకుడు ఎక్కువైతే ప్లస్ 2. ఇక్కడే ఒక గొయ్యి ఉంది. నికాన్ డీ5, డీ500, డీ850ల్లో 1 అంటే దూకుడు, 5 అంటే ఓపిక. సోనీలో సరిగ్గా తిరగబడింది: 1 అంటే ఓపిక, 5 అంటే దూకుడు. నికాన్ అమ్మేసి సోనీ కొన్నవాళ్లు పాత అలవాటుతో 5 పెట్టుకుంటే ఊరేగింపులో ఎత్తిన ప్రతి చేతి మీదా ఫోకస్ కూర్చుంటుంది, కెమెరా బాగాలేదని తిట్టుకోవడమొకటి. మన ఉత్సవాలకు ఏ కంపెనీదైనా ఓపిక వైపే జరపాలని నా మాట.

అయితే పెళ్లి మండపంలో ఈ మాట చెల్లదు. తెరసెల్ల సంగతే చూడండి. వధూవరుల మధ్య పట్టిన తెర కెమెరాకు గోడ. జీలకర్ర-బెల్లం పెట్టుకుని తెర దించిన క్షణంలో వెనకున్న మొహం మీదికి ఫోకస్ పోవాలి, ఓపికగా పెట్టిన కెమెరా అప్పటికీ తెర కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. కొద్దిసేపటికి తలంబ్రాలు. ఇప్పుడు అవసరం పూర్తిగా తలకిందులు. కదిలేవి బియ్యం, ముత్యాలు, థర్మోకోల్ పూసలు. మనకు కావలసిన ఇద్దరూ ఉన్నచోటే కూర్చుని ఉన్నారు. ఏఎఫ్-సీ పెట్టుకుంటే ప్రతి గింజా ఒక ఎర. మొహాల మీద ఫోకస్ పట్టి అక్కడే బిగించేయడం, అంటే ఏఎఫ్-ఎస్, దీనికి సరైన దారి. 35 ఎంఎం లెన్సు ఎఫ్/4లో, 2 మీటర్ల దూరంలో ఉంటే ఒకటిన్నర మీటరు దాటినచోటు నుంచి రెండున్నర మీటర్ల దాకా పదునుగానే ఉంటుంది, ఇద్దరూ అందులో ఇమిడిపోతారు.

ఒకే ముహూర్తంలో రెండు వ్యతిరేకమైన అవసరాలు వచ్చినప్పుడు ఎవరైనా మెనూలోకి పోయి వెతుక్కుంటూ కూర్చుంటారా? బ్యాక్ బటన్ వాదం ఇక్కడే గెలుస్తుంది. ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనక బొటనవేలి కింద ఏఎఫ్-ఆన్‌కు అప్పగించడం చాలా పాత అలవాటు, కెనాన్ ఫిలిం రోజుల్లోనే ఆ వీలు కల్పించింది. వేలు నొక్కి ఉంచితే ఏఎఫ్-సీ, వదిలేస్తే ఫోకస్ ఉన్నచోటే ఆగుతుంది. తెర దిగగానే వేలు ఎత్తి మళ్లీ నొక్కితే కెమెరా పాత పట్టు వదిలి కొత్తగా వెతుక్కుంటుంది, ఓపిక సెట్టింగును ముట్టుకోనక్కర్లేదు. తలంబ్రాలప్పుడు వేలు ఎత్తేస్తే సరి. కళ్లను గుర్తుపట్టే కెమెరాలు వచ్చాక దీని అవసరం తీరిపోయిందనే వాళ్లున్నారు. ఎవరి మొహానికీ ఏదీ అడ్డం రాని ఫ్యాషన్ ఫొటోల్లో తీరిపోయి ఉండొచ్చు.

రాత్రి పెళ్లిళ్లలో పాతకాపులు కొందరు ఫ్లాష్ పెట్టుకుని ఏఎఫ్-ఎస్‌లోనే తీస్తారు. కుర్రాళ్లు దాన్ని చాదస్తం అంటారు కానీ వెనక కారణం ఉంది. చీకట్లో ఫోకస్‌కు సాయంగా ఫ్లాష్ విసిరే ఎర్రటి వెలుగు చాలా కెమెరాల్లో ఏఎఫ్-ఎస్‌లోనే వెలుగుతుంది, ఏఎఫ్-సీలో వెలగదు.

రాత్రి అనగానే ప్రొద్దుటూరు గుర్తుకు రావాలి. మైసూరు తర్వాత దసరా ఇక్కడేనని ఊరివాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. విజయదశమి రాత్రి వాసవీ కన్యకా పరమేశ్వరి అమ్మవారిశాల నుంచి కదిలే తొట్టిమెరవణిలో వాహనం మెల్లగానే పోతుంది, గంతులన్నీ దాని ముందు ఆడే కళాకారులవే. ఇక్కడ మొహాలు లేకపోవడం కాదు బాధ, వందల మొహాలు ఉండడం. కెమెరా దేన్ని ఎంచుకోవాలి? దానికి తోడు ఎల్‌ఈడీ బోర్డుల చుక్కలు, పొగ, తలల మీదికి లేచిన ఫోన్లు. చుక్కల్లాంటి వెలుగులు ఫోకస్‌ను తమవైపు లాక్కుంటాయి. జెడ్9 లాంటి వాటిలో మనకు కావలసిన కొలతలో చట్రం పెట్టుకుని, మొహాలను దాని లోపలే వెతకమని చెప్పొచ్చు. ఊరేగింపులకు ఇది నిజంగా మేలు. గుర్తింపు కావాలా వద్దా అని వాదించుకోవడం కంటే దాన్ని ఎక్కడిదాకా తిరగనివ్వాలో తేల్చుకోవడం ముఖ్యం. వీలైతే ఎత్తు మీద నిలబడండి. అరుగో మిద్దో దొరికితే అడ్డాలు సగం తగ్గుతాయి, ఏ మెనూ ఇవ్వలేని లాభం అది.

చెక్కభజనది ఇంకో తంటా. వలయంగా తిరుగుతూ, ఎగురుతూ, ఒక్కసారే వెనుదిరిగే గుంపులో ఒకరి వెంటే ఫోకస్ పోవాలని 3డీ ట్రాకింగ్ పెడతాం. నికాన్‌లో 2007 నాటి డీ3 నుంచి ఈ పద్ధతికి మంచి పేరుంది. అయితే డీఎస్‌ఎల్‌ఆర్‌లలో అది ముఖ్యంగా రంగును పట్టుకుని వెంటాడేది. ఇక్కడ అందరిదీ ఒకే రంగు చొక్కా, ఒకే తలపాగా. పట్టు ఒకరి నుంచి మరొకరికి జారిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. వలయంలో మనకు దగ్గరగా వచ్చే వంపును చూసుకుని, చట్రాన్ని అక్కడే ఆపి, ఆ చోటికి ఎవరొస్తే వాళ్లను తీయడమే నయం.

గుర్తింపు బాగా పనికొచ్చే చోటు చెప్పకపోతే అన్యాయం. జమ్మలమడుగు దగ్గర గండికోట అంచున నిలబడితే కింద పెన్న లోయలో గద్ద తిరుగుతుంటుంది, మనం దాన్ని పైనుంచి చూస్తాం. ఆకాశం వెనకుంటే ఏ కెమెరా అయినా పక్షిని పట్టుకుంటుంది. ఇక్కడ వెనకున్నది పగుళ్లూ పొరలూ ఉన్న ఎర్రటి క్వార్ట్‌జైట్ గోడ, నిండా గీతలు. పెద్ద చట్రం పెట్టిన పాత కెమెరా గద్దను వదిలి గోడను పట్టుకుంటుంది. రెక్కల ఆకారం నేర్చిన బర్డ్ మోడ్ ఆ గీతల మధ్య నుంచి కూడా పక్షిని ఏరుతుంది. పాత కెమెరా ఉన్నవాళ్లు చిన్న చట్రం, ఓపిక సెట్టింగు, లెన్సు మీది దూరపు లిమిటర్, ఈ మూడింటితో నెట్టుకురావచ్చు.

ఇక పాత స్టూడియోల కిటుకు. ఎర్రగుంట్ల–నంద్యాల లైను మీద ప్రొద్దుటూరు దగ్గర మలుపు తిరిగే రైలును తీయడానికి ట్రాకింగ్ ఎందుకు? పట్టా ఎక్కడికీ పోదు. పట్టా పక్క రాయి మీద ఫోకస్ కట్టి, ఇంజను అక్కడికి వచ్చే ముందు నుంచి వరసగా నొక్కితే చాలు. దారి తెలిసిన ప్రతిదానికీ ఇదే వర్తిస్తుంది. 1900 తర్వాత కనబడకుండాపోయి 1986లో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పరిసరాల్లో మళ్లీ దొరికిన కలివికోడి కోసం లంకమల పొదల్లో పరిశోధకులు కెమెరా ట్రాపులు పెట్టారు. రాత్రిపూట తిరిగే పిట్టను వెంటాడి ఫోకస్ చేసే పనే లేదు, అది నడిచే బాటకు ముందే ఫోకస్ కట్టి ఉంచారు.

ఫోనుతో తీసేవాళ్లకు ఈ తలనొప్పిలో చాలాభాగం లేదు. సెన్సర్ చిన్నది కాబట్టి లోతు ఎక్కువ, అంతా పదునుగానే వస్తుంది. వాళ్ల ఫొటోల్లో మసక ఉంటే అది చాలావరకు ఫోకస్ వల్ల కాదు, షట్టర్ వేగం చాలక వచ్చింది. సెకనులో అయిదువందలో వంతు దగ్గర పెట్టుకోగలిగే ప్రో మోడ్ ఉంటే చాలు.

కొత్త బాడీ కొనాలా అని అడిగేవాళ్లకు ఒక మాట. 2012 నాటి కెనాన్ 5డీ మార్క్ 3లో 61 ఫోకస్ బిందువులున్నాయి, వాటిలో 41 దాకా అడ్డగీతనూ నిలువుగీతనూ రెండింటినీ చూస్తాయి. బండలాగుడు కాడి ముందు అది నేటి కొన్ని మిర్రర్‌లెస్‌ల కంటే తడబాటు లేకుండా నిలబడుతుంది. పిల్లల పరుగులు, పక్షులు, రాత్రి మొహాలు మీ పనిలో ఎక్కువైతే కొత్తదానికి డబ్బు పెట్టొచ్చు. కొట్టులో ఎదురుగా నిలబడిన సేల్స్‌మన్ కంటి మీద పచ్చ చతురస్రం కూర్చుంది కదా అని బేరం కుదుర్చుకోవద్దు. అద్దెకు తీసుకుని ఒక్క పూట పోటీల మైదానం కొసన నిలబడండి. చర్నకోల మొహానికి అడ్డం వచ్చిపోయిన ఫ్రేములను పెద్దవి చేసి చూడండి. అడ్డం తొలగిన తర్వాత ఎన్నో ఫ్రేములో ఎద్దు కన్ను మళ్లీ పదునెక్కిందో లెక్కపెట్టుకుంటే ఆ కెమెరా మీ పనికి వస్తుందో రాదో తెలిసిపోతుంది.